కీబోర్డుకు బదులు గొంతుతో తెలుగు టైపింగ్: ఖర్చు తక్కువైన మార్గాలు ఏవి?

అనువాదకురాలు, చిక్కడపల్లి:
ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేయడమే నా జీవనాధారం. మణికట్టు నొప్పి ముదరడంతో, కీబోర్డుపై ఎక్కువసేపు పనిచేయవద్దని వైద్యురాలు గట్టిగా చెప్పారు. మాటను అక్షరాలుగా మార్చే డ్రాగన్ వంటి పేరున్న సాఫ్ట్‌వేర్‌లో తెలుగు లేదు, ఉన్నా అంత ధర భరించలేను. తెలుగులో ఆ పని చేసే ఉచిత సాధనాలను నిత్యం వాడుతున్నవారు దయచేసి తమ అనుభవం చెప్పండి.

విశ్రాంత ఉపాధ్యాయుడు, సైనిక్‌పురి:
అమ్మా, ముందు మీ ఫోనుతోనే మొదలుపెట్టండి. గూగుల్ వారి ఫోను కీబోర్డు జీబోర్డులో తెలుగు వాయిస్ టైపింగ్ 2017 నుంచి ఉంది. కంప్యూటర్‌లోనైతే క్రోమ్‌లో గూగుల్ డాక్స్ తెరిచి, టూల్స్ మెనూలో వాయిస్ టైపింగ్ ఎంచుకొని, భాషను తెలుగుకు మార్చుకుంటే చాలు. నేను వ్యాసాలన్నీ ఇలాగే చెప్పి రాయిస్తున్నాను. ఈ సాధనాలు ధ్వనితో పాటు ముందువెనుకల మాటలను కూడా చూసుకొని పదాన్ని ఊహిస్తాయి కనుక, మనం ఒత్తులు తేల్చి పలికినా 'భాష', 'విధానం' వంటి వాడుక మాటలు సరిగానే పడతాయి. ఇంటిపేర్లు, ఊరిపేర్లు, అరుదైన సమాసాల దగ్గర మాత్రం తమకు తెలిసిన దగ్గరి మాటను పెట్టేస్తాయి. అందుకే ముక్కలు ముక్కలుగా కాక, వాక్యాన్ని మనసులో పూర్తిగా కూర్చుకొని ఒకే ఊపున చెప్పండి.

అనువాదకురాలు, చిక్కడపల్లి:
ధన్యవాదాలండీ. కామాలు, ఫుల్‌స్టాపులు ఎలా పెడుతున్నారు?

విశ్రాంత ఉపాధ్యాయుడు, సైనిక్‌పురి:
డాక్స్‌లో నోటితో చెప్పి చిహ్నాలు పెట్టించే సౌకర్యం ఇంగ్లీషు, జర్మన్, ఫ్రెంచ్ వంటి కొన్ని భాషలకే పరిమితం. నేను వాక్యం ముగియగానే ఎంటర్ నొక్కి, చిహ్నాలన్నీ దిద్దేటప్పుడు పెడతాను.

డీటీపీ, ప్రూఫు పని, అశోక్‌నగర్:
మేడమ్, మీ ప్రచురణకర్త ఏ ఫాంటు అడుగుతారో ముందే తెలుసుకోండి. వాయిస్ టైపింగ్‌తో వచ్చేది యూనికోడ్ పాఠం, అంటే ఫోన్లు, వెబ్‌సైట్లు అన్నీ వాడే ఉమ్మడి అక్షర సంకేతాల పాఠం. పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, యూనికోడ్ కాని అను ఫాంట్లతో పనిచేసేచోట దానిని నేరుగా అతికిస్తే చదవలేని గుర్తులు వస్తాయి. కన్వర్టర్‌తో మార్చుకొని, సంయుక్తాక్షరాలను మరొకసారి చూడాలి.

ఇంతకన్నా ముఖ్యమైనది ప్రూఫు. చేతితో కొట్టిన పాఠంలో తప్పు తప్పుగానే కనిపిస్తుంది. గొంతుతో వచ్చిన పాఠంలో తప్పు కూడా మంచి తెలుగు మాటే: 'పాలన' ఉండవలసిన చోట 'పాలు' అని నిలుస్తుంది, స్పెల్‌చెక్ పట్టుకోలేదు, అలవాటుపడ్డ కన్ను దాటిపోతుంది. నా దగ్గరికి వచ్చే అటువంటి పాఠాలను మూలంతో పక్కపక్కన పెట్టుకొని, పైకి చదువుతూనే దిద్దుతాను. ఆ సమయాన్ని లెక్కలో వేసుకోకుండా గడువు ఒప్పుకోవద్దు.

ప్రోగ్రామర్, గచ్చిబౌలి:
కోర్టు కాగితాలు, వైద్య నివేదికలు అనువదిస్తున్నట్లయితే, మీ గొంతు ఇంటర్నెట్ ద్వారా వేరొక సర్వర్‌కు వెళ్లడం మీ ఖాతాదారుకు సమ్మతమో కాదో అడగండి. 2022 సెప్టెంబరులో ఓపెన్‌ఏఐ సంస్థ ఉచితంగా విడుదల చేసిన, మాటను అక్షరాలుగా మార్చే విస్పర్ మన కంప్యూటర్‌లోనే నడుస్తుంది, దానికి తెలుగు కూడా వచ్చు. భారతీయ భాషల కోసం ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ బృందం కూడా ఇటువంటి నమూనాలను (మోడళ్లను) ఉచితంగా అందుబాటులో ఉంచింది. పెద్ద నమూనాలకు మంచి గ్రాఫిక్స్ కార్డు లేకపోతే చాలా సమయం పడుతుంది కనుక, ముందు రికార్డు చేసుకొని తరువాత మార్చుకోవడం సులువు. డబ్బు పెట్టదలిస్తే మైకు నోటికి దగ్గరగా ఉండే హెడ్‌సెట్‌కు పెట్టండి. ఫ్యాను, వీధిలోని హారన్లు లాప్‌టాప్ మైకును బాగా ఇబ్బంది పెడతాయి.

అనువాదకురాలు, చిక్కడపల్లి:
ప్రస్తుతం చేస్తున్నది ఆస్తి పత్రాల అనువాదం కనుక, దానికి విస్పర్‌నే ప్రయత్నిస్తాను. హెడ్‌సెట్‌లలో యూఎస్‌బీది మేలా, మామూలు పిన్నుది సరిపోతుందా?

ప్రోగ్రామర్, గచ్చిబౌలి:
యూఎస్‌బీది తీసుకోండి. పాత లాప్‌టాప్‌ల పిన్ను సాకెట్‌లో తరచూ గరగర శబ్దం వస్తుంది.