క్యాటిల్ అంటే గేదె వస్తుందా, రాదా?

దుగ్గిరాల రైతు: మా చూడి గేదె పాము కరిచి చచ్చిపోయింది. బీమా ఉంది. కాగితం మీద క్యాటిల్ అని ఉంది కాబట్టి ఆవులకే వర్తిస్తుందని ఆఫీసులో కుర్రాడు ఫైలు వెనక్కి తోశాడు. చెవికి పోగు వేయించిందీ, ప్రీమియం కట్టించుకుందీ వాళ్ళే. ఇంగ్లీషు బాగా తెలిసినవాళ్ళు చెప్పండి.

పొన్నూరు మాస్టారు: ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి. క్యాటిల్ అంటే ఆవులు, ఎద్దులు, వాటి దూడలు. గేదెకు బఫెలో అని వేరే మాట ఉంది. 2019 పశుగణనలో కూడా క్యాటిల్ 19 కోట్ల పైన, గేదెలు 10.98 కోట్లు అని విడివిడిగానే వేశారు.

బెజవాడ ప్లీడరు: మాస్టారూ, నిఘంటువు వేరు, చట్టం వేరు. బందెలదొడ్లకు ఆధారమైన 1871 నాటి క్యాటిల్ ట్రెస్‌పాస్ చట్టంలో క్యాటిల్ అంటే గేదెలే కాదు, ఏనుగులు, ఒంటెలు, గాడిదలు, పందులు, మేకలు కూడా. 2017లో కేంద్రం తెచ్చిన పశువుల సంతల నిబంధనల్లోనూ గేదె ఉంది.

పొన్నూరు మాస్టారు: పంది క్యాటిలా? అది ఆ చట్టం తన పనికోసం రాసుకున్న అర్థం. లోకంలో ఎవరూ అలా వాడరు.

తెనాలి బుజ్జి: పందిని వదలండి సార్, ఆయన గేదె సంగతి చూడండి.

లాం డాక్టరు: శాస్త్రం ప్రకారం మాస్టారిదే రైటు. ఆవుకు క్రోమోజోములు 60, ముర్రా జాతి గేదెకు 50. రెండిటికీ సంకరం కుదరదు. కానీ బీమాలో చూసేది చెవిపోగు నంబరు. అది పాలసీలోనూ పోస్టుమార్టం రిపోర్టులోనూ ఒకటే ఉండాలి. పోగు పారేయలేదు కదా?

దుగ్గిరాల రైతు: దాచాం. లోపల వివరాల దగ్గర ‘ముర్రా, నలుపు’ అని ఉంది. పైన మాత్రమే క్యాటిల్.

బెజవాడ ప్లీడరు: ఇంకేం! ముర్రా ఆవు ఎక్కడుంది? ఇందాక చెప్పిన చట్టాలు మీ కేసుకు అక్కర్లేదు, పాలసీలో రాసిందే లెక్క.

పొన్నూరు మాస్టారు: పైన కూడా సరైన మాట రాసుంటే ఈ గొడవే లేదు.

దుగ్గిరాల రైతు: మాస్టారూ, ఆవు పోతే ఊరంతా వచ్చి పలకరిస్తుంది. గేదె పోతే ‘బర్రెగొడ్డేగా’ అంటారు. పొద్దున్నే మీ కాఫీలోకి వచ్చే పాలు ఏ గొడ్డువి? నా కూతురి ఫీజు ఆ గేదె పాలమీదే కట్టా.

పొన్నూరు మాస్టారు: గేదెను నేనెక్కడ తక్కువ చేశాను? దస్తావేజులో ఒక్క మాట అటూఇటూ అయినందుకు మా నాన్న ఎకరం పొలం పోగొట్టుకున్నారు. ‘ఏదైతే ఏముంది, రెండూ ఒకటే’ అని సంతకం పెట్టించుకున్నవాళ్ళే ముంచారు. మాటకు గట్టి అర్థం లేకపోతే ముందు మునిగేది చదువురానివాడే.

దుగ్గిరాల రైతు: ఆ గట్టి అర్థం ఎవరి చేతిలో ఉంది సార్? ప్రీమియం కట్టించుకున్న రోజు ‘మీ గొడ్డుకు బీమా’ అని తెలుగులోనే చెప్పారు. మాకు గొడ్డంటే ఆవూ గేదే రెండూ. డబ్బులివ్వాల్సొచ్చేసరికి వాళ్ళకు ఇంగ్లీషు గుర్తొచ్చింది.

తెనాలి బుజ్జి: అసలు మాట ఇది.

బెజవాడ ప్లీడరు: నోటిమాటతో తిరిగి రావద్దు. ఎందుకు ఇవ్వరో రాసివ్వమని అడగండి. ఆ కాగితం చేతికొస్తే గుంటూరు వినియోగదారుల కమిషన్లో వేద్దాం.

పొన్నూరు మాస్టారు: అలా అడిగే లేఖ ఇంగ్లీషులో నేను రాసిపెడతాను. అందులో బఫెలో అనే రాస్తాను, క్యాటిల్ అని రాయను.

దుగ్గిరాల రైతు: మీ ఇష్టం సార్. పోగు నంబరు మాత్రం తప్పు పడకూడదు.