భాగ్యరెడ్డి పేరులో ‘రెడ్డి’, ‘పంచమ’ మీద ఆయన పేచీ

నిన్న గ్రూపులో దేవరకొండ తమ్ముడు అడిగిన ప్రశ్నకు జవాబు ఇది. మాల కులంలో పుట్టి, హైదరాబాద్‌లో దళితుల కోసం కొట్లాడిన నాయకుడు మాదరి భాగయ్య, భాగ్యరెడ్డి వర్మ ఎట్లయ్యారు? రెడ్డికి, రాజు అనే అర్థమున్న రేడుకు చుట్టరికం ఉందా?

తమ్ముడూ, ‘ఈ నేలను మొదట ఏలింది మీవాళ్లే, రెడ్డి అంటే రేడు’ అని వాళ్లింటి గురువు ఆ పేరు పెట్టారని చెబుతారు. వర్మ అనేది 1913లో ఆర్యసమాజం వాళ్లు ఇచ్చిన బిరుదు.

వ్యుత్పత్తిగా నేను దీన్ని ఒప్పుకోను. పాత తెలుగులో రాజు ‘ఱేఁడు’, బండి ఱతో. రెడ్డిలో ఉన్నది మామూలు ర. శాసనాల్లో కనిపించే రట్టగుడి, రట్టడి రూపాల నుంచే రెడ్డి వచ్చిందని చాలామంది పండితుల మాట. అదే నాకు సబబుగా తోస్తుంది.

కానీ ఆ పేరు చేసిన పని వేరు. మా నకిరేకల్ దిక్కు ఊళ్లల్లో వాడోళ్ల పేరు చివర ‘అయ్య’ నిలవనిచ్చేవాళ్లు కాదు. ఎల్లయ్యను ‘ఎల్లిగా’ అని, మల్లయ్యను ‘మల్లిగా’ అని పిలిచేవాళ్లు. మా తాత జీతమున్న ఇంట్లో పదేళ్ల పిలగాడు ‘మల్లిగా’ అని కేకేస్తే, అరవై ఏళ్ల తాత చెప్పులు చేతుల పట్టుకొని ‘పట్లా’ (పటేలా) అని పలికేటోడు. భాగయ్య మా ఊళ్లో పుడితే ‘భాగిగాడు’ అయ్యేవాడే. భాగ్యరెడ్డిని అట్ల కత్తిరించడం కుదరదు, పిలిచేవాడి నోట రెడ్డి రావాల్సిందే.

ఇంకో మాట మీద ఆయన పట్టిన పట్టు నాకు మరీ ఇష్టం. 1917లో బెజవాడలో సభకు అధ్యక్షుడిగా పిలిచారు. దాని పేరు ప్రథమ ఆంధ్రదేశ పంచమ మహాసభ. పంచమ అంటే ఐదోది, నాలుగు వర్ణాల బయట ఉంచిన అంటరానివాళ్లకు పెట్టిన పేరు. పంచమ అనే మాటకు శాస్త్రాల్లో ఆధారమే లేదని ఆయన అక్కడే అడ్డం తిరిగారు. నిజమే, మనుస్మృతి పదో అధ్యాయంలోనే ‘నాస్తి తు పంచమః’ అని ఉంది, ఐదో వర్ణం లేదని. సభ పేరు ‘ఆది ఆంధ్ర’గా మారింది. ఐదు అనే మాట తీసేసి, ఆ చోట మొదలు అనే మాటను కూర్చోబెట్టారు. తర్వాత నిజాం రాజ్యంలో ‘ఆది హిందువు’ అన్న పేరు కోసం ఏండ్లకేండ్లు కొట్లాడారు. 1931 జనాభా లెక్కల్లోకి అది ఎక్కింది.

కింద మిర్యాలగూడ సార్ రాశారు: ‘ఆది కూడా సంస్కృతమే కదా? మాల, మాదిగ అనే సొంత పేర్లు వదులుకోవడం దేనికి?’

సార్, ఆ ప్రశ్న న్యాయమైనదే. 1994లో మాదిగల హక్కుల ఉద్యమం దండోరా మొదలైనంక ఎంతోమంది తమ పేరు పక్కన ‘మాదిగ’ అని ధైర్యంగా రాసుకున్నారు. తిట్టుగా వాడిన మాటనే ఎత్తి పట్టుకున్నారు. 1917లో ఆ మాట పేరు పక్కన పెట్టుకునే పరిస్థితి ఉందంటారా? నాకు రెండు దారులూ గౌరవమే.

మా నాయన పదో తరగతి మెమో ఇంటికి తెచ్చిన రోజు సంగతి మా నాయనమ్మ చెప్పేది. చదువు రాని మా తాత, తండ్రి పేరు ఎక్కడుందో అడిగి, ఆ అచ్చు మీద వేలు పెట్టి, ‘చివర అయ్య అని ఉందారా?’ అన్నాడట. ఉందంటే, మళ్లీ చదవమన్నాడట.