సహోద్యోగికి ఆటిజం ఉండవచ్చనిపిస్తే నేరుగా అడగవచ్చా?

ప్రశ్న:
నేను ఒక సాఫ్ట్‌వేర్ బృందానికి బాధ్యత వహిస్తున్నాను. మా బృందంలో ఒకరు, మిగతావారి కంట పడని లోపాలను ముందే పట్టుకుంటారు. ఆయన రాసిన నివేదికలో మళ్లీ సరిదిద్దాల్సింది దాదాపు ఏమీ ఉండదు. కానీ మీటింగులో అప్పటికప్పుడు అభిప్రాయం అడిగితే ఆయనకు మాట పెగలదు. "వీలు చూసుకుని త్వరగా చేసేయండి" అంటే ఎక్కడ మొదలుపెట్టాలో తేలక సతమతమవుతారు, అనుకున్న ప్రణాళిక చివరి క్షణంలో మారితే ఆ రోజంతా కలతగా ఉంటారు. అప్రైజల్‌లో 'కమ్యూనికేషన్' అంశం కింద ఆయనకు తక్కువ రేటింగ్ ఇవ్వాల్సి వస్తోంది, అది నాకు న్యాయంగా తోచడం లేదు. ఆయనకు ఆటిజం ఉందేమోనని అనుమానం. ఆయననే అడగవచ్చా?

సమాధానం 1:
దయచేసి అడగకండి. మీరు చెప్పిన లక్షణాలు ఆందోళన వల్లనో, వినికిడి సమస్య వల్లనో కూడా కనిపించవచ్చు. నిర్ధారణ నిపుణుల పని. దాన్ని బయటికి చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా ఆయన ఇష్టం. మీరు అడగదగినది పని గురించి మాత్రమే: పని ఎలా అప్పగిస్తే మీకు స్పష్టంగా ఉంటుంది, మీటింగుల్లో ఏది ఇబ్బంది పెడుతోంది అని. ఈ మాట బృందంలో ప్రతి ఒక్కరినీ విడివిడిగా అడిగితే ఆయనను వేలెత్తి చూపినట్టు ఉండదు.

"త్వరగా" అనే బదులు, ఏ భాగాన్ని పరీక్షించాలో, ఏ రోజు సాయంత్రానికి కావాలో, ఎంత లోతుగా చూస్తే చాలో రాసి పంపండి. చర్చించబోయే ప్రశ్నలను ముందు రోజే అందరికీ ఇచ్చి, మీటింగు ముగిశాక రాతపూర్వకంగా అభిప్రాయం చెప్పే వీలు కల్పించండి. లోపమంతా ఆయన వైపే ఉందనుకోవడం కూడా సరికాదు. ఆటిజం ఉన్నవారికీ లేనివారికీ మధ్య అపార్థం రెండు వైపుల నుంచీ పుడుతుందని, స్వయంగా ఆటిజం ఉన్న పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లోనే వాదించారు.

సమాధానం 2:
నేను ఏడీహెచ్‌డీ (ఏకాగ్రతను నిలుపుకోవడం, తొందరపాటును అదుపు చేసుకోవడం కష్టమయ్యే స్థితి) ఉన్న ఉద్యోగిని. పై సలహాలు మంచివే కానీ, ఒకరికి కుదిరిన ఏర్పాటును అందరికీ వర్తింపజేయకండి. దూరంగా ఉన్న ఒకే ఒక్క గడువు ఇస్తే, అది ముంచుకొచ్చే వరకు నాకు పని మొదలే కాదు. మధ్యమధ్యలో చిన్న గడువులు పెట్టి, అప్పుడప్పుడూ క్లుప్తంగా పలకరించే మేనేజర్ దగ్గర నేను బాగా పని చేస్తాను. అదే పలకరింపు, ఏకాగ్రతతో పనిలో మునిగిన మరొకరికి తీవ్రమైన అంతరాయం కావచ్చు. పైగా ఆటిజం, ఏడీహెచ్‌డీ రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు. మానసిక స్థితుల నిర్ధారణకు వాడే అమెరికన్ ప్రమాణాల పుస్తకం డీఎస్ఎం. దాని ఐదో కూర్పు (డీఎస్ఎం-5) వచ్చిన 2013 వరకు ఆ రెంటినీ కలిపి నిర్ధారించడానికి ఆ ప్రమాణాలు ఒప్పుకునేవి కావు, కాబట్టి ఎంతో మంది పెద్దలు సగం వివరణతోనే బతికారు.

మరొక విషయం. పదిమందిలో మామూలుగా కనిపించడానికి మాలో చాలామంది రోజంతా చూపును, ముఖకవళికలను, మాటతీరును అదుపులో పెట్టుకుంటూ ఉంటాం. ఆ శ్రమ బయటికి కనిపించదు, ఇంటికి చేరేసరికి ఒంట్లో సత్తువ మిగలదు. మీ సహోద్యోగి మీటింగులో కెమెరా ఆపేసినా, కళ్లలోకి చూడకపోయినా దాన్ని అశ్రద్ధగా లెక్కించకండి.

సమాధానం 3:
నేను మానవ వనరుల విభాగంలో పని చేస్తాను. మీ రేటింగ్ సమస్యకు మూలం ఆ అంశాన్ని నిర్వచించిన తీరులో ఉంది. ఆ ఉద్యోగానికి కావలసింది సమాచారం సరిగా, సకాలంలో చేరడమే అయితే, ఆయన నివేదికలే ఆ పని చేస్తున్నాయి కదా. అప్పటికప్పుడు ధారాళంగా మాట్లాడటం నిజంగా ఆ ఉద్యోగానికి అవసరమా అని మీ హెచ్ఆర్‌తో చర్చించి, అవసరం లేకపోతే ఆ కొలమానాన్నే మార్చమని రాతపూర్వకంగా కోరండి. ఆయన తనంతట తాను ఏదైనా చెబితే, ఆయన అనుమతి లేకుండా అది మీ నోటి నుంచి మరొకరికి వెళ్లకూడదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. ఆయనకు ఎందుకీ ప్రత్యేక ఏర్పాట్లని మిగతావారు అడిగితే ఏం చెప్పాలి?

సమాధానం 3:
కారణం చెప్పనవసరం లేదు. ఎవరికి ఏ ఏర్పాటు కావాలన్నా ఇలాగే అడగవచ్చని చెప్పండి, అడిగినవారికి నిజంగానే చేయండి. వికలాంగుల హక్కులపై 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక కూడా పనిచోట సముచితమైన సర్దుబాట్లను హక్కుగానే చూస్తుంది, దయగా కాదు.