వికారం అంటే వాంతి వచ్చేట్టు ఉండటమేనా?

పోయిన వారం మా మేనత్తను మలక్‌పేటలో ఒక క్లినిక్‌కు తీసుకెళ్లాను. "వికారంగ ఉంది సారూ" అంది. డ్యూటీ డాక్టర్ ఇంకో మాట అడగకుండా వాంతుల మాత్ర రాసి, తరవాతి టోకెన్ పిలిచేశాడు. మెట్లు దిగుతూ ఆమె నా చెయ్యి పట్టుకొని, "వాంతి కాదురా బిడ్డా, పానమే ఒక తీరుగ లేదు" అంది. టెన్షన్ పడి మళ్ళీ పైకి తీసుకెళ్లాను. బీపీ చూస్తే బాగా పడిపోయి ఉంది. ఇప్పుడు కులాసాగానే ఉంది, ఆ మాట మాత్రం నన్ను వదలట్లేదు.

పాత ఆయుర్వేద గ్రంథం చరక సంహితలో, సూత్రస్థానం అనే భాగం 9వ అధ్యాయంలో ఈ శ్లోకం ఉంది:

వికారో ధాతువైషమ్యం సామ్యం ప్రకృతిరుచ్యతే
సుఖసంజ్ఞకమారోగ్యం వికారో దుఃఖమేవ చ

ధాతువుల, అంటే ఒంటిని నిలబెట్టేవాటి, పొత్తు చెడితే వికారం, సమంగా ఉంటే ప్రకృతి. ఆరోగ్యానికి సుఖమని పేరు, వికారమంటే దుఃఖమే. ఇక్కడ వికారం ఒక లక్షణం కాదు, మొత్తం రోగానికే పేరు. మనం దాన్ని పొట్టలోకి కుదించేశాం. మనోవికారం, చిత్తవికారం అన్నప్పుడు మాత్రం పాత అర్థం ఇంకా బతికే ఉంది. మా అత్త వాడింది ఆ పాత మాటే అని నాకనిపిస్తోంది.

నన్ను ఆపేసింది అసలు "ప్రకృతి" అన్న మాట. ఆరోగ్యం బయట నుంచి తెచ్చుకునేది కాదు, ఒంటికి తన సొంత స్థితి అన్నమాట. దీనికి ముందు శ్లోకంలోనే వైద్యుడు, మందు, సేవ చేసే మనిషి, రోగి, ఈ నలుగురూ చికిత్సకు నాలుగు పాదాలు అన్నాడు చరకుడు. రోగి కూడా ఒక పాదమే! అంటే రోగి చెప్పే మాట వినకపోతే వైద్యం కుంటుతుంది.

—

ఒక సభ్యురాలి ప్రశ్న: బడిలో చదివిన ప్రకృతి, వికృతి ఇవేనా అండీ?

అవే అండీ, ధాతువు కూడా అటూ ఇటూ ఉంది. వ్యాకరణంలో క్రియకు మూలం ధాతువు, వైద్యంలో రసం, రక్తం, మాంసం, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రం ధాతువులు. రెండు చోట్లా నిలబెట్టేదే. పై శ్లోకంలో వాతం, పిత్తం, కఫం కూడా కలుపుకొని చదవాలి. ఇంకో ముచ్చట: వైద్యుడు ప్రకృతి, వెజ్జు వికృతి. ప్రాణం ప్రకృతి, పానం వికృతి. అయితే వ్యాకరణంలో వికృతి అంటే రూపం మారడమే, చెడిపోవడం కాదు. మా అత్త నోట్లో "పానం" ఏమీ చెడిపోలేదు, ప్రాణమంత గట్టిగానే ఉంది. అంతెందుకు, ఆ చరకుడి అధ్యాయం పేరే ఖుడ్డాకచతుష్పాదం. ఖుడ్డాక అంటే చిన్నది, క్షుద్రక అన్న సంస్కృత పదానికి ప్రాకృత రూపం.

—

పాతబస్తీ సభ్యుడి మాట: అన్నా, మా దిక్కు ఒంట్లో ఎట్లుంది అనేటందుకు "తబియత్ ఎట్లుంది" అంటరు. అది ఎటు పోతది?

చాలా మంచి మాట గుర్తు చేశావు తమ్ముడూ. అరబీలో దాని మూలం ముద్ర వేయడం. పుట్టుకతో పడిన ముద్ర, అంటే స్వభావం. గ్రీకు వైద్యాన్ని అరబీలోకి తెచ్చినవాళ్ళు గ్రీకుల "ఫ్యూసిస్", అంటే ప్రకృతి, అన్న మాటకు ఇదే మూలం నుంచి వచ్చిన పదం వాడారు. యునానీ అంటేనే గ్రీకుది. చార్మినార్ దగ్గర నిజామియా తిబ్బీ కాలేజీలో చదివేది ఆ వైద్యమే. తబీబ్ (వైద్యుడు), తబియత్ ఒకే ఇంటి మాటల్లా వినిపిస్తాయి కానీ ధాతువులు వేరు.

తబియత్ ఎట్లుంది అని అడిగితే, నీ ప్రకృతి ఎట్లుంది అని అడిగినట్టే. ఎక్కడి చరకుడు, ఎక్కడి గ్రీకులు, ఒక్క హైదరాబాదీ పలకరింపులో ఎదురుపడ్డారు.

మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు వికారం అని వాంతికి కాకుండా ఇంకా దేనికైనా అంటారా? జిల్లా పేరుతో సహా రాయండి.