అప్‌డేట్: 1 టీబీ హార్డ్ డిస్క్ నుంచి 256 జీబీ ఎస్‌ఎస్‌డీకి విండోస్ మారింది

షాపు సిస్టమ్‌లోని 1 టీబీ డిస్క్‌ను, విండోస్ మళ్లీ వేయకుండా, 256 జీబీ ఎస్‌ఎస్‌డీకి (హార్డ్ డిస్క్ కంటే వేగంగా పనిచేసే డ్రైవ్) మార్చొచ్చా అని అడిగాను కదా అన్నలూ, పని అయిపోయింది. మాది దేవరకొండలో డీటీపీ, జిరాక్స్ షాపు. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ప్రింటర్ సెట్టింగులు ఎక్కడివక్కడే ఉన్నాయి. నల్గొండలో ఒకాయన ఫార్మాట్ తప్ప దారి లేదన్నాడు, ఆయన మాట వినకపోవడమే మంచిదైంది.

పెళ్లికార్డుల ఫోల్డర్లన్నీ ముందే బయటి డిస్క్‌లోకి తీశాను. 256 జీబీ అంటే విండోస్‌లో కనిపించేది 238 మాత్రమే, అందుకే సీ డ్రైవ్‌ను 200 లోపు కుదించాలనుకున్నా. అసలు తిప్పలు ఇక్కడే. సగానికి పైగా ఖాళీ ఉన్నా, విండోస్‌లో డ్రైవ్ సైజు తగ్గించే 'ష్రింక్ వాల్యూమ్' ఒకచోట మొండికేసింది. విండోస్ తన అవసరాలకు దాచుకునే హైబర్నేషన్ ఫైల్, పేజ్ ఫైల్, రిస్టోర్ పాయింట్లు డిస్క్ మధ్యలో పాతుకుపోయి కదలవట. మూడూ ఆపేసి రీస్టార్ట్ చేస్తే దారికొచ్చింది. పేజ్ ఫైల్ తర్వాత మళ్లీ ఆన్ చేశాను.

క్లోన్‌లో, అంటే డిస్క్‌ను ఉన్నదున్నట్టు ఎస్‌ఎస్‌డీలోకి కాపీ చేసేటప్పుడు, సీ ఒక్కటే కాదు, విండోస్‌ను స్టార్ట్ చేసే ఫైళ్లుండే ఈఎఫ్‌ఐ పార్టిషన్ కూడా పోవాలని మీలో ఒకరు చెప్పారు. చాలా థ్యాంక్స్, అది లేకపోతే బూటే కాదు. కాపీ అయ్యాక పాత డిస్క్ కేబుల్ పీకేసి ఆన్ చేశా. నల్ల స్క్రీన్ మీద కాసేపు టెన్షన్ పెట్టినా లాగిన్ వచ్చేసింది.

పాత డిస్క్‌ను మాత్రం పెళ్లిళ్ల సీజన్ అయ్యేదాకా ఫార్మాట్ చెయ్యను.