వార్తల కింద రాసేటప్పుడు సొంత పేరే పెట్టాలా?

మౌనిక_ఉప్పల్
మా అమ్మ ఈమధ్యే రిటైరైంది. రోజంతా ఫోన్‌లో వార్తలు చదివి మాతో వాదిస్తుంటే, మాతో ఎందుకు, అక్కడే రాయమ్మా అని నేనే ఎగదోశాను. 2025 మే 17న హైదరాబాద్ మెట్రో కనీస చార్జీ 10 నుంచి 12కి, గరిష్ఠం 60 నుంచి 75కి పెంచారు కదా, ఆ వార్త కింద రాసింది. ఆడవాళ్ళకి బస్సు ఉచితమే కానీ ఉప్పల్ నుంచి రాయదుర్గం దాకా రోజూ వెళ్ళే మగపిల్లల సంగతేంటని. సొంత పేరు, ఫొటోతో. "ఫ్రీ బస్సెక్కి మూలన కూర్చో ఆంటీ" దగ్గర మొదలై ఇక్కడ రాయలేని మాటల దాకా పోయింది. ఇప్పుడు మళ్ళీ రాస్తానంటోంది. సొంత పేరు పెట్టమనాలా, మారుపేరు పెట్టమనాలా?

విశ్రాంత_హెచ్ఎం
సొంత పేరేనమ్మా, సందేహం దేనికి? మేం పేపర్లకి ఉత్తరాలు రాసిన రోజుల్లో పేరూ ఊరూ లేకపోతే బుట్టదాఖలే. అందుకే రాసే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించేవాళ్ళం, పోస్టు డబ్బాలో వేసేదాకా చింపేసే అవకాశం కూడా ఉండేది. ఇప్పుడు హెడ్డింగ్ చదవడం, బూతు రాయడం, ఇంకో వార్తకి పోవడం. మీ అమ్మగారిని తిట్టినవాళ్ళలో సొంత పేరుతో రాసినవాళ్ళు ఎంతమందో చూడండి, అక్కడే తెలిసిపోతుంది.

లెక్కల_బాబు
కనీసం 12 అనేది వారం రోజుల ముచ్చటే. మే 24 నుంచి పదిశాతం తగ్గించారు, 11 అయింది. ముందు అది సరిచేయండి.

మౌనిక_ఉప్పల్
అమ్మ రాసింది ఆ వారంలోనే అండీ.

లెక్కల_బాబు
అయినా పోస్టులో తేదీతో పాటు ఆ సంగతి కూడా రాయాల్సింది. ఇలాగే తప్పుడు అంకెలు పాకుతాయి.

నీలిమేఘం
హెచ్ఎం సార్, ఎంతమందో నేను చెప్తాను. నన్ను తిట్టినవాళ్ళలో సగంమంది సొంత పేరు, పెళ్ళి ఫొటో, పిల్లల ఫొటోలతో సహా ఉన్నారు. పేరు పెడితే సిగ్గు వస్తుందనేది మీ కాలం నమ్మకం. బ్రిటన్ పత్రిక గార్డియన్ తన సైట్‌లోని 7 కోట్ల వ్యాఖ్యల్ని పరిశీలించి 2016లో లెక్క బయటపెట్టింది. ఎక్కువ దాడి ఎదుర్కొన్న పదిమంది రచయితల్లో ఎనిమిదిమంది ఆడవాళ్ళే, మిగతా ఇద్దరు నల్లజాతి మగవాళ్ళు. పేరు ఎవరికి బరువో అర్థం కావట్లేదా?

ఇంకా దగ్గరి సంగతి కావాలంటే 2012లో మహారాష్ట్ర పాల్ఘర్‌లో బంద్ గురించి ఫేస్‌బుక్‌లో సొంత పేరుతో రాసిన అమ్మాయిని, దానికి లైక్ కొట్టిన ఇంకో అమ్మాయిని అరెస్టు చేశారు. ఆ అరెస్టులకి వాడిన ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ని సుప్రీంకోర్టు కొట్టేసింది 2015 మార్చిలో. అప్పటిదాకా గడిచిన కాలం ఎవరు తిరిగిస్తారు?

విశ్రాంత_హెచ్ఎం
ఆ సెక్షన్ పోయిందని నువ్వే అన్నావుగా, ఇక భయమేంటి? పరువునష్టం మాత్రం పోలేదు, భారతీయ న్యాయ సంహితలో 356గా ఉంది, రెండేళ్ళదాకా జైలు. మారుపేరు ఉంటే పట్టుబడమనుకోవడం కూడా అమాయకత్వమే, పోలీసులు అడిగితే సైటువాళ్ళు వివరాలు ఇస్తారు. మరి దాక్కోవడం ఎవరి నుంచి?

చాయ్_బిస్కెట్
పొద్దున్నే మొదలైందా లొల్లి. నేను ఇక్కడే కూర్చుంటున్నా.

నీలిమేఘం
పోలీసుల నుంచి కాదు సార్, మా హెచ్‌ఆర్ నుంచి! 2024లో హైడ్రా (చెరువుల ఆక్రమణలు తొలగించే హైదరాబాద్ సంస్థ) కూల్చివేతలప్పుడు ఒక చెరువు వార్త కింద, ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్ళు నిలిచే హద్దు) లోపల పర్మిషన్ ఇచ్చిందెవరు, ఎంత తీసుకుని ఇచ్చారు అని నా పేరుతో రాశాను. మా కంపెనీకి ఒక బిల్డర్ క్లయింట్ అని నాకు తెలియదు. స్క్రీన్‌షాట్ రెండో రోజుకే హెచ్‌ఆర్ టేబుల్ మీద ఉంది. ఉద్యోగం పోలేదు, ప్రమోషన్ మాత్రం ఇప్పటిదాకా రాలేదు. మీకు పెన్షన్ ఎవరూ ఆపరు కాబట్టి ధైర్యం గురించి పాఠం చెప్పడం తేలిక.

దక్షిణ కొరియాలో మీరు చెప్పిందే చట్టం చేశారు, 2007లో. పెద్ద సైట్లలో రాయాలంటే అసలు గుర్తింపు ఇవ్వాల్సిందే. 2011లో ఒక సంస్థ మీద హ్యాకింగ్ జరిగి మూడున్నర కోట్లమంది వివరాలు బయటపడ్డాయి. మరుసటి ఏడాది వాళ్ళ రాజ్యాంగ న్యాయస్థానమే ఆ చట్టాన్ని కొట్టేసింది.

విశ్రాంత_హెచ్ఎం
పెన్షన్ గురించి మాట్లాడకు. నా సర్వీసు చివర్లో ఒక ఆకాశరామన్న నా మీద ఉత్తరం రాశాడు. స్కూలు బిల్డింగు డబ్బు తిన్నానని. ఎంక్వైరీ వేశారు, నా రిటైర్మెంట్ డబ్బు ఆగింది, పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు మా అమ్మాయిని కాదు, కేసు సంగతి అడిగారు. ఏమీ తేలలేదు. రాసినవాడు స్టాఫ్‌రూమ్‌లో నా పక్కనే టీ తాగి ఉంటాడు. నీకు ప్రమోషనే రాలేదు, నాకు ఊళ్ళో తలెత్తుకునే దారి లేకుండా పోయింది. "ఎంత తీసుకుని ఇచ్చారు" అని నువ్వు రాశావే, ఆ ఆఫీసులో సంతకం పెట్టని ఉద్యోగికి కూడా ఇల్లూ పిల్లలూ ఉంటారు.

నీలిమేఘం
నేను పేరు పెట్టే రాశాను సార్. మీరు అడుగుతున్నది పేరు గురించి కాదు, ఆధారం లేకుండా లంచం అనే మాట వాడొద్దని. అది ముందే అనాల్సింది, ఇన్ని పోస్టులు ఎందుకు?

కానీ ఒకటి చెప్పండి. ఆఫీసు లోపల ఉన్నవాడికే కదా తెలిసేది, వాడు పేరుతో రాస్తే సాయంత్రానికి ట్రాన్స్‌ఫర్. ఆకాశరామన్నలందర్నీ మూసేస్తే ఏ చెరువు సంగతీ బయటికి రాదు.

విశ్రాంత_హెచ్ఎం
లోపలివాడు విలేకరికి చెప్పాలి, కాగితం చూపించాలి. విలేకరి పేరు దాస్తాడు, నిజమో కాదో చూస్తాడు. వార్త కింద రాసేదాన్ని ఎవరు చూస్తారు?

నీలిమేఘం
అన్ని పత్రికల్లో అలా చూసే విలేకర్లే ఉంటే నేను కిందికి వెళ్ళి రాయాల్సిన పనే ఉండేది కాదు.

కొత్తపేట_కుర్రోడు
నార్వేలో ఒక సైట్ 2017లో వార్త మీద మూడు ప్రశ్నలు పెట్టింది, జవాబు చెప్తేనే రాయనిచ్చేది. అది మనదగ్గర పెడితే అందరం సైలెంట్.

మౌనిక_ఉప్పల్
ఇద్దరికీ థ్యాంక్స్ (అమ్మ పక్కన కూర్చుని అంతా చదివింది, చాయ్_బిస్కెట్ లాగే). ఫొటో తీసేసి, పేరులో మొదటి అక్షరం, ఏరియా పెట్టుకుంటానంటోంది. మనుషుల పేర్లు రాయదట, చార్జీలూ బస్సులూ నాలాలూ మాత్రమేనట. తిట్టినవాళ్ళకి జవాబు ఇవ్వాలా వద్దా అన్నది తేలలేదు, తనకి మాత్రం ఇవ్వాలనే ఉంది.

విశ్రాంత_హెచ్ఎం
ఒక్క అక్షరం చాలదమ్మా, ఇంటిపేరైనా ఉండాలి.

నీలిమేఘం
ఇంటిపేరు చెప్తే కులం వెతుకుతారు సార్. మీకు తెలియనిదా?