కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉన్న తెలుగువాళ్లు ఒక సాయం చేయగలరా?

నమస్కారమండీ. నేను వినపడని పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పుతాను. ఈ మధ్య థియోఫిలస్ హోప్ డెస్ట్రెల్లా (1851-1929) గురించి చదివాను. ఆయనకూ వినపడదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన అనాథ. కాలిఫోర్నియా బధిరుల పాఠశాలలో చదివి, అక్కడే ఆర్ట్ టీచర్ అయ్యారు. ఫొటోలు తీసేవారు, మ్యాజిక్ లాంతరుతో (గాజు పలకల మీది బొమ్మలను వెలుగుతో తెర మీద చూపే పాతకాలపు పరికరం) పిల్లలకు బొమ్మలు చూపించేవారు. చాప్లిన్ సినిమాల్లో కనిపించిన చిత్రకారుడు గ్రాన్‌విల్ రెడ్‌మండ్ ఆయన శిష్యుడే!

ఏ భాషా రాని చిన్నతనంలో డెస్ట్రెల్లా, చందమామ తన కోసమే వస్తున్నాడనుకుని సైగలతో మాట్లాడేవారట. ఈ సంగతి సైగల్లో చెప్పగానే మా క్లాసులో ఒక పాప లేచి కిటికీ దగ్గరకెళ్లింది. పట్టపగలే ఆకాశం వైపు చేతులు తిప్పుతూ "నీ పేరేంటి?" అని అడిగింది. నాకు కళ్లు చెమర్చాయి.

డెస్ట్రెల్లా చదివిన ఆ బడి ఇప్పుడు ఫ్రీమాంట్‌లో ఉంది. అక్కడ ఆయన తీసిన ఫొటోలను బయటివాళ్లు చూడొచ్చా? క్లాసు గోడకు పెట్టుకోవడానికి రెండు మూడు కాపీలు కావాలంటే ఎవరిని అడగాలి? ఇంకొకటి, ఆయన్ని పిలిచే సైగపేరు ఎలా ఉండేదో ఎవరికైనా తెలుసా? మా పిల్లలు రోజూ అడుగుతున్నారు.